రెండు చోట్లా ఒకటే ఉండాలన్న మనిషి

ఆయన పోయాడని మా పాత ఆఫీసువాళ్ల ఫోన్ గ్రూపులో పొద్దున్నే పెట్టారు. దండ వేసిన ఫొటో, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు అందుకున్నారు. శాంతమూర్తి. అజాతశత్రువు. నోట్లో వేలు పెట్టినా కొరకని మనిషి. నేను కాఫీ తాగుతూ చదువుతున్నాను. గ్లాసు ఖాళీ అయ్యేలోపే ఒళ్లు మండటం మొదలైంది.

సిటీ ఆఫీసులో ఆయన కింద పనిచేసినాయన ఒకరు పెద్దగానే రాశాడు. "ఒకసారి శంషాబాద్ ప్లాంటు గేటు దగ్గర ఎవరో రైతమ్మ ఆకలితో కూర్చుని ఉంటే, సార్ తన టిఫిన్ బాక్సు ఆమె చేతిలో పెట్టి తాను పస్తున్నారు. అలాంటి మనుషులు ఇక పుట్టరు." దాని కింద మళ్లీ దండాలు, కన్నీళ్ల బొమ్మలు.

ఆ రోజు ఆ గేటు దగ్గర నేనున్నాను. ఇది రాసినాయన లేడు.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలట. చెప్పుకోండి, వద్దన్నదెవరు? నాకు తెలిసింది మాత్రం నేను చెప్తాను. ఆయన పేరు రాయను. ఆయన పేరు చెక్కిన జ్ఞాపికలు వాళ్లింటి అద్దాల బీరువా నిండా ఉన్నాయి, అవి చాలు. నేను రాయాల్సిన పేరు ఇంకొకటుంది.

అప్పటికి మా శంషాబాద్‌లో విమానాలు లేవు. తొంభైల నాటి సంగతి. బెంగళూరు రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగితే మా విత్తనాల కంపెనీ ప్లాంటు ఉండేది. రైతులు మా విత్తనంతో మక్క వేసి, పచ్చి తగ్గీ తగ్గకముందే కంకులు కోసి మాకు తెస్తే, మేం డ్రయ్యర్లో ఆరబెట్టి, ఒలిచి, సంచుల్లో నింపి అమ్మేవాళ్లం. నేను బీఎస్సీ చేసి, కంప్యూటర్ డిప్లొమా చదివి అక్కడ చేరాను. మా సర్వర్లో ఒక పెద్ద టేబుల్ ఉండేది, రైతుల టేబుల్. ఒక్కో పొలానికి ఒక్కో రికార్డు: రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, ఏ రకం విత్తనం, ఎంత భూమి. నాలుగైదు జిల్లాల రైతులు అందులోనే. అచ్చం అదే టేబుల్ సిటీలోని హెడ్డాఫీసు సర్వర్లోనూ ఉండేది. ఇక్కడ ఎక్కించినవి అక్కడికీ, అక్కడ మార్చినవి ఇక్కడికీ రోజూ మధ్యాహ్నం టెలిఫోన్ లైను మీద మోడెం కూతలతో వెళ్లి రావాలి. రెండు టేబుళ్లూ ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చూసుకోవడమే ఆయన ఉద్యోగం. అక్కడ ఆయన, ఇక్కడ నేను.

కోస్తా మనిషి. తెల్లచొక్కా, చేతిరుమాలు, విభూతి గీత. ఊడ్చే ఆమెకు కూడా చేతులు జోడించి నమస్కారం పెట్టేవాడు. నన్ను ఏనాడూ ఏకవచనంలో పిలవలేదు. ఫోన్ ఎత్తితే "చెప్పండమ్మా" అని సాగదీసేవాడు, తనంతట తాను ముందు పెట్టేసేవాడు కాదు. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఇంటి తలుపు తట్టినట్టు మానిటర్ మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు. ఇవన్నీ గ్రూపులో రాశారు. నిజమే, కాదనను.

వాళ్లు రాయనిది ఆయన గొంతు సంగతి. మనం ఎంత పైకి పోతే ఆయన గొంతు అంత కిందికి దిగేది. మనం అరుస్తుంటే ఆయన పెదాలు మాత్రం కదులుతుండేవి. ఏమంటున్నాడో వినాలంటే మనమే నోరు మూసుకోవాలి. మూసుకున్నామా, గెలుపు ఆయనదే. దాన్నే వాళ్లు శాంతం అంటున్నారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద దబాయింపు లేదు. అరిచేవాడితో కనీసం మనమూ అరవొచ్చు.

ఆయనకు జతలు కలిపే పిచ్చి ఒకటుండేది. సర్వర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. బయటికొచ్చినప్పుడల్లా గుమ్మం ముందు చెల్లాచెదురుగా పడున్న అందరి చెప్పుల్నీ తన చేతులతో జతలుగా సర్ది, ముక్కులు ఒకే గీత మీదికి తెచ్చి పెట్టేవాడు. అంత పెద్దాయన మన చెప్పులు ముట్టుకోవడమేంటని ఆడపిల్లలు సిగ్గుపడి నాలుక కరుచుకునేవాళ్లు. నాకూ అకౌంట్స్ సెక్షన్ అమ్మాయికీ ఒకే రంగు చెప్పులు, ఒకే దుకాణంలో కొన్నవి. ఒకరోజు నేను బయటికొచ్చి చూస్తే నా ఎడమ చెప్పు పక్కన ఆమె ఎడమ చెప్పు, ఎంతో ముద్దుగా, ముక్కులు కలిపి.

"సార్, రెండూ ఎడమయే గద సార్" అన్నాను.

వంగి చూసి నవ్వాడు. "జత అయితే జతేనమ్మా. చూడ్డానికి బాగానే ఉంది కదా" అన్నాడు.

అప్పుడు నేనూ నవ్వాను. మనిషిని అక్కడే పట్టుకోవాల్సింది.

మృగశిర కార్తె ముందు వెనకల్లో రైతులు పొలాలు రాయించుకోవడానికి వచ్చేవాళ్లు. వాన పడిందని వెంటనే రారు. మంచిరోజు చూసుకుని వస్తారు. మాది ఆదివారం చర్చికి పోయే ఇల్లు, తిథి వారాల పట్టింపు లేదు. అయినా ఆఫీసు గోడకు పంచాంగం క్యాలెండరు తగిలించింది నేనే. ఏ రోజు గేటు ముందు జనం నిండుతారో దాన్ని చూస్తేనే తెలిసేది.

ఆ ఏడు కూడా అలాంటి రోజొకటి వచ్చింది. ముందురోజుల వానలకు టెలిఫోన్ లైను చచ్చిపోయింది, మోడెం మూగబోయింది. పొద్దున్నుంచి రైతులు వరుసలో నిలబడి ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు చెప్తుంటే, కాగితం ఫారం నింపి పక్కన పెడుతూ నేను తలెత్తకుండా ఎక్కిస్తూనే ఉన్నాను. రావిర్యాల దిక్కు నుంచి వచ్చిన ఒకామె తన వంతు రాగానే బల్ల మీద చెయ్యి ఆనించి స్క్రీన్ వైపు వంగింది. పేరు చంద్రమ్మ. భర్త లేడు, భూమి కౌలుది. ఆమె పేరు నేను టైపు చేస్తుంటే ఒక్కో అక్షరం పడటాన్ని గుడ్లప్పగించి చూసింది.

"ఇగ నేను దీంట్ల ఉన్నట్టేనా బిడ్డా?" అని అడిగింది.

"ఉన్నట్టే అక్కా, ఇగ పో" అన్నాను.

అప్పుడు గేట్లోకి కారొచ్చింది. ఆయన దిగాడు. ఒక చేతిలో కంప్యూటర్ టేపు, ఇంకో చేతిలో కొబ్బరికాయ. కొత్త సీజనుకు హెడ్డాఫీసు టేబుల్ని శుభ్రంచేసి టేపు మీదికి ఎక్కించుకొచ్చాడు. లైను లేదు కాబట్టి స్వయంగా తెచ్చి, మా సర్వర్లో పాత టేబుల్ తీసేసి దీన్ని దించాలి. దానికాయన పంతులుగారినడిగి ముహూర్తం పెట్టించుకున్నాడు. రైతులు ఏ పంచాంగం చూశారో ఆయనా అదే పంచాంగం చూశాడు. అందరికీ ఒకటే మంచిరోజు దొరికింది!

నేను లేచి ఎదురెళ్లాను. "సార్, ఇయ్యాల వద్దు సార్. పొద్దుగాల నుంచి రైతులను ఎక్కిస్తున్న. లైన్ లేదు, ఒక్కటి గూడ మీ దిక్కు రాలే. మీ టేబుల్ దించితే ఇవన్నీ పోతయి. ముందు నావి ఒక టేపు మీద తీసుకోండ్రి."

"దానికి సమయం పడుతుందమ్మా. కాసేపట్లో దుర్ముహూర్తం వచ్చేస్తుంది."

"జర ఆగుండ్రి సార్, గిట్ల ఎట్ల చేస్తరు? మనుషులు బయట నిలవడే ఉన్నరు."

నేను అరిచాను. వరుసలో ఉన్న రైతులంతా ఇటు తిరిగారు. ఆయన గొంతు కిందికి దిగింది. ఇంకా దిగింది. చివరికి నేను ఆగి వినాల్సి వచ్చింది. "ఫారాలు ఉన్నాయి కదమ్మా. మళ్లీ ఎక్కించుకుందాం. ఆవేశపడకండి."

సర్వర్‌కి కుంకుమ బొట్టు పెట్టాడు, అగరొత్తులు వెలిగించాడు, గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. టేపు తిరిగింది. నేను పొద్దున్నుంచి ఎక్కించిన మనుషులంతా పోయారు. ఆయన కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టి, చెప్పులన్నీ జతలుగా సర్ది, ఫారాల కట్ట కార్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వాటిని అక్కడ, హెడ్డాఫీసులో ఎక్కించారు. అంతటితో ఆగలేదు. ఇక ముందు ఇలాంటి గందరగోళం రాకూడదని, కొత్త రైతును చేర్చే వీలు మా సర్వర్లో లేకుండా చేశాడు. చేర్చడం అక్కడే, మేం చూసుకోవడం ఇక్కడ. లైను బాగయ్యాక ఫోన్ చేశాడు. "ఫారాలు ఎన్నో రికార్డులు అన్నేనమ్మా. లెక్క కలిసింది."

"లెక్క కాదు సార్, పేర్లు చూద్దాం. మీరు అక్కడ చదవమనుండ్రి, నేను ఇక్కడ చూసుకుంట. ఒక్క పూట పని."

"లెక్క కలిసింది కదమ్మా" అన్నాడు మళ్లీ, చంటిపిల్లకు చెప్పినట్టు.

కలవక ఏమవుతుంది? ఒకరి ఫారం రెండుసార్లు ఎక్కించారు, ఒకరిది అసలు ఎక్కించలేదు. కూడితే సరిపోతుంది. రెండు ఎడమ చెప్పులు కూడా ఒక జతే కదా.

దసరా దాటాక కోతలు మొదలయ్యాయి. గేటు దగ్గర వాచ్‌మన్ రైతు పేరు చెప్తే నేను టేబుల్లో చూసి లాటు చీటీ తీసిచ్చేదాన్ని. చీటీ ఉంటేనే ట్రాక్టరు లోపలికి, కంకులు డ్రయ్యర్లోకి. ఒక సోమవారం వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, రావిర్యాల నుంచి ఒక ట్రాక్టర్ వచ్చింది. చంద్రమ్మ అంట. నువ్వే రాసినవని చెప్తుంది."

వెతికాను. పేరుతో వెతికాను, ఊరితో వెతికాను, సర్వే నంబరుతో వెతికాను. లేదు.

బయటికి పరుగెత్తాను. ట్రాలీ నిండా పచ్చి కంకులు, పైన పట్టా. పక్కన చంద్రమ్మ. నేను చెప్పేదేదీ ఆమె చెవికెక్కలేదు. నా చెయ్యి పట్టుకుని పట్టా కింద కంకుల మధ్యకు మోచేతి దాకా తోసింది. లోపల వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన పిల్ల ఒంటి మీద చెయ్యేసినట్టు.

"వేడెక్కుతున్నయి బిడ్డా. నిన్ననే కోసిన. ఇయ్యాల ఎండకపోతే ఇగ ఇవి ఇత్తనం గావు. కౌలు కట్టకపోతే ఆసామి భూమి గుంజుకుంటడు. జర లోపలికి రానియ్యుండ్రి."

ప్లాంటు మేనేజరు దగ్గరికి పోయాను. "కంప్యూటరు సంగతి నాకేం తెలుసు, హెడ్డాఫీసాయన వచ్చి ఉన్నాడుగా, ఆయన్నే అడుగు" అన్నాడు. కోతల కాలం కాబట్టి ఆయన ఆ రోజు ప్లాంటులోనే ఉన్నాడు. చెప్పగానే గేటు దగ్గరికి వచ్చాడు. వచ్చాడు, నిజమే. ఎండలో, చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"అమ్మా, మీ పేరు సిస్టంలో లేదమ్మా" అన్నాడామెతో.

"సార్, నేనే ఎక్కించిన" అన్నాను. "మీ కొబ్బరికాయ నాడు ఎక్కించిన. మీరే తుడిచిండ్రు. ఇప్పుడు ఒక్క రికార్డు సార్, ఒక్క నిమిషం పని. నా సర్వర్ తాళం మీ చేతిల ఉన్నది. తీయుండ్రి, నేను కొట్టుకుంట."

ఆయన నన్ను కాస్త పక్కకు తీసుకెళ్లాడు. "ఇక్కడ ఒకటి కలిపితే అక్కడికీ ఇక్కడికీ తేడా వచ్చేస్తుందమ్మా. రెండూ కలిశాయని ఎండీ గారికి నివేదిక వెళ్తోంది. శుక్రవారం తిరిగి వెళ్లగానే నేనే అక్కడ కలుపుతాను, ఇక్కడికి దానంతటదే వచ్చేస్తుంది. రెండు చోట్లా ఒకటే ఉండాలి కదా."

"శుక్రవారం దాకా కంకులు ఆగుతయా సార్!"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. వాచ్‌మన్ చెవులు మూసుకున్నాడని తర్వాత చెప్పాడు. ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఈసారి నేను ఆగలేదు, వినలేదు. ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడే ఆయన తన కారు దగ్గరికి నడిచి వెళ్లి టిఫిన్ బాక్సు తెచ్చాడు. "అమ్మా, ఎండనపడి వచ్చారు. ముందు ఇంత తినండి" అని చంద్రమ్మ చేతిలో పెట్టాడు. కళ్లలో నీళ్లున్నాయి కూడా. అది చూసే కదా ఆయన కారు డ్రైవరు కరిగిపోయి, వెళ్లి ఆఫీసంతా చెప్పాడు.

చంద్రమ్మ మూత తీసి చూసింది. పులిహోర. మళ్లీ మూత పెట్టి బాక్సు ఆయనకే చాచింది.

"నీ బువ్వ నువ్వు తిను అయ్యా. నా కంకులు నువ్వు తీస్కో" అంది.

ఆయన తీసుకోలేదు. తలవంచుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆయన పస్తున్న మాట నిజమే కావచ్చు. బాక్సు గేటు పక్కన గట్టు మీదే ఉండిపోయింది, సాయంత్రానికి చీమలు పట్టాయి. చంద్రమ్మ కూడా పస్తే ఉంది. ఆమె పస్తు గురించి గ్రూపులో ఎవరూ రాయలేదు.

ట్రాక్టరు గేటు బయటే ఉంది. చంద్రమ్మ, నేను, వాచ్‌మన్ కలిసి కంకులు కిందికి దించి పట్టా మీద పరిచాం. పైకి ఎండుతున్నట్టే ఉండేవి. మధ్యలో ఒక రోజు వాన కొట్టింది. మళ్లీ కుప్ప చేశాం, మళ్లీ వేడెక్కింది.

శుక్రవారం మధ్యాహ్నం మోడెం కూసింది. చంద్రమ్మ రికార్డు వచ్చింది. పేరు, ఊరు, సర్వే నంబరు, ఒక్క తప్పు లేదు. చీటీ తీశాను. ట్రాక్టరు లోపలికి వెళ్లింది. ల్యాబులో కంకులు ఒలిచి చూశారు. గింజల్లో మొలక మొనలు నల్లబడ్డాయి, బూజు పట్టింది. ఇవి మేం తీసుకోం అనేశారు.

కాసేపటికి ఫోన్ మోగింది. "చెప్పండమ్మా" అన్నాడు, చేసింది తానే అయినా. "చూశారా, వచ్చేసింది కదా."

"రిజెక్ట్ చేసిండ్రు సార్. కంకులు ఖరాబైనయి."

"అయ్యో" అన్నాడు. ఆ అయ్యో నిజమైనదే, నేను కాదనలేను, అందుకే నా కోపం ఇంకా చావలేదు. తర్వాత ఎంతో మెత్తగా అన్నాడు: "అయితే ఆ రిజెక్టు ఎంట్రీ ఇవాళే ఎక్కించేయండమ్మా. అక్కడా పడాలి కదా. లేకపోతే రెండూ కలవవు."

ఎక్కించాను. మరుసటి మధ్యాహ్నానికి అక్కడా పడింది. చంద్రమ్మ బతుకు పాడైన సంగతి ఇప్పుడు రెండు సర్వర్లలోనూ అక్షరం తేడా లేకుండా ఉంది.

మరుసటి ఏడు మంచిరోజున ఆమె రాలేదు. అదే సర్వే నంబరు చెప్పి ఇంకొకాయన పొలం రాయించుకున్నాడు. సంవత్సరం తిరక్కముందే నేను ఉద్యోగం మానేశాను. ఆయనకు పెద్ద పదవి వచ్చింది.

ఇవాళ పొద్దున ఇదంతా గ్రూపులో పెట్టలేదు. అంత ఓపిక ఎవరికుంది? టిఫిన్ బాక్సు కథ కింద రెండు ముక్కలు మాత్రం రాశాను: "ఆమె పేరు చంద్రమ్మ. ఆ అన్నం ఆమె తినలేదు. నీ బువ్వ నువ్వు తిను అయ్యా, నా కంకులు నువ్వు తీస్కో అంది."

తర్వాత చూస్తే నా మాటలు అక్కడ లేవు. అడ్మిన్ తీసేశాడు. నాకు విడిగా ఒక మెసేజి పెట్టాడు, చాలా మర్యాదగా: "ఈ సమయంలో ఎందుకు మేడం, ఆవేశపడకండి. అందరం ఒకే మాట మీద ఉందాం."

మా ఇంటి మీద నుంచి విమానం వెళ్లింది. కిటికీలు కాసేపు అదిరి ఊరుకున్నాయి.

మళ్లీ గ్రూపు తెరిచి, మొదటి అక్షరం నుంచి ఎక్కించాను. చంద్రమ్మ. రావిర్యాల. మక్క.